ఇంట్లోని క్యాసెట్లు, సీడీలతో సొంత పాటల భాండారం కట్టుకోవడం ఎలా

సొంతంగా పాటల భాండారం కట్టుకుందామని కూర్చున్నవాళ్లు చాలామంది మొదట నెట్‌లో దొరికే సినిమా పాటలన్నీ దించుకుంటారు. వరస అక్కడే తలకిందులవుతుంది. ఆ పాటలు ఈ ఏడు కాకపోతే వచ్చే ఏడైనా దొరుకుతాయి. మీ ఊరి తిరునాళ్లలో చెప్పిన హరికథ, గూగూడు కుళ్లాయప్ప మీద పాడిన పీర్ల పండగ పాటలు, చెక్కభజన, రాత్రంతా ఆడిన నాటకంలోని పద్యాలు, కడప ఆకాశవాణి నుంచి ఎవరో రేడియో ముందు కూర్చుని ఎక్కించుకున్న కార్యక్రమం, ఇవి మీ బీరువాలోని ఆ ఒక్క క్యాసెట్‌లో తప్ప ఇంకెక్కడా ఉండకపోవచ్చు. ఆ టేపు మీది పూతేమో ఏటేటా పాడవుతూనే ఉంది.

అందుకని పని ఈ వరసలో చేయండి. ఇంట్లో రికార్డు చేసిన క్యాసెట్లు మొదట. అంగట్లో రాయించుకున్న సీడీలు తర్వాత. కంపెనీ సీడీలు ఆపైన. కొత్తగా కొనేవి, దించుకునేవి అన్నిటికన్నా ఆఖరున.

సరంజామా

ఒక ల్యాప్‌టాప్, బాగా పనిచేసే క్యాసెట్ డెక్ లేదా టూ-ఇన్-వన్, రెండింటినీ కలిపే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, ఒక కేబుల్, రెండు హార్డ్ డిస్కులు ఉంటే చాలు.

క్యాసెట్‌ను నేరుగా ఎంపీ3గా మారుస్తామంటూ ఆన్‌లైన్‌లో అమ్మే చిన్న ప్లాస్టిక్ పెట్టెల జోలికి పోవద్దు. వాటిలో చాలావాటి మోటారు నిలకడగా తిరగదు, హార్మోనియం శ్రుతి ఊగిపోతుంది. ఆ డబ్బుతో ఇంట్లో మూలనపడ్డ పాత డెక్‌నే బాగుచేయించండి. పాట ఊగుతుంటే సాధారణంగా లోపలి రబ్బరు బెల్టు సాగిందని అర్థం. టేపును నమిలేస్తుంటే టేపును నడిపే రబ్బరు చక్రం (పించ్ రోలర్) గట్టిపడిందనో, జిడ్డు పట్టిందనో, టేపును చుట్టుకునే చక్రానికి బలం తగ్గిందనో అర్థం. పాత టేప్‌రికార్డర్లు విప్పిన చెయ్యి ఉన్న మెకానిక్‌కు ఇవన్నీ చిన్న పనులే.

ల్యాప్‌టాప్ పక్కనున్న చిన్న రంధ్రంలోకి నేరుగా వైరు పెట్టకండి. అది హెడ్‌సెట్ మైకు కోసం పెట్టింది. మైకు నుంచి వచ్చే బలహీనమైన సంకేతాన్నే అది ఆశిస్తుంది, అదీ ఒకే చానల్‌లో. డెక్ శబ్దం అందులోకి పోతే పగిలిపోతుంది, స్టీరియో కాస్తా మోనో అవుతుంది. ‘లైన్ ఇన్’ ఉన్న ఇంటర్‌ఫేస్ తీసుకోండి. బెహ్రింగర్ యూసీఏ202 లాంటి చిన్నది చాలు. అది 16 బిట్లే కదా అని వెనకాడొద్దు. మామూలు క్యాసెట్‌లో పెద్ద శబ్దానికీ టేపు హిస్సుకీ మధ్య తేడా 50–60 డెసిబెల్స్‌కు మించదు. 16 బిట్లలో 96 డెసిబెల్స్ దాకా పడుతుంది.

డెక్ వెనక ‘లైన్ అవుట్’ అని ఎరుపు, తెలుపు రంధ్రాలుంటే అక్కడి నుంచే తీసుకోండి. టూ-ఇన్-వన్‌కు హెడ్‌ఫోన్ రంధ్రం ఒక్కటే ఉంటే ఒకవైపు 3.5 మిల్లీమీటర్ల స్టీరియో పిన్ను, రెండోవైపు రెండు ఆర్‌సీఏ పిన్నులు ఉన్న కేబుల్ కొనండి. వాల్యూమ్ సగం దగ్గర ఉంచి, ఈక్వలైజర్ మీటలన్నీ మధ్యకు తెచ్చి, బాస్ బూస్ట్ ఆపేయండి.

ఇవి కాక 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ సీసా ఒకటి, దూది పుల్లలు కొన్ని. టేపును చదివే హెడ్డు, దాని పక్కన తిరిగే సన్నటి ఇనుప కడ్డీ, రబ్బరు రోలర్, ఈ మూడింటినీ దూది పుల్ల మీద గోధుమరంగు మరక రావడం ఆగేదాకా తుడవండి. ఆరనిచ్చాకే టేపు పెట్టాలి. నాలుగైదు క్యాసెట్లకొకసారి మళ్లీ తుడవాలి. పాత టేపులు పూత రాల్చే కొద్దీ హెడ్డు మూసుకుపోతుంది, గొంతులు దుప్పటి చాటు నుంచి వినబడుతున్నట్టు ఉంటాయి. చేతులు తుడుచుకునే శానిటైజర్ వాడకండి. అందులో ఉండే గ్లిజరిన్ హెడ్డు మీద పొరలా మిగులుతుంది.

మెషిన్‌లో పెట్టేముందు క్యాసెట్‌ను చూడండి

మొట్టమొదట క్యాసెట్ వెనక అంచున ఉన్న రెండు ప్లాస్టిక్ నాలుకలను చిన్న స్క్రూడ్రైవర్‌తో విరిచేయండి. అవి లేకపోతే రికార్డు మీట నొక్కినా దిగదు. చెయ్యి జారి ఒక్క నిమిషం చెరిగినా తిరిగి తెచ్చుకోలేం.

తర్వాత కిటికీలోంచి టేపు చుట్టను వెలుతురులో చూడండి. అంచున తెల్లటి మచ్చలుంటే బూజు. దాన్ని మెషిన్‌లో పెట్టొద్దు. బూజు హెడ్డుకంటుకుని తర్వాతి క్యాసెట్లకూ పాకుతుంది. విడిగా ఒక కవర్‌లో సిలికా జెల్ పొట్లంతో ఉంచి, అన్నీ అయ్యాక చివర్లో దాని సంగతి చూడండి.

క్యాసెట్ నోటి దగ్గర, టేపు వెనకాల, సన్నటి రాగిరేకు మీద చిన్న ఫెల్టు ముక్క ఉంటుంది. పాతవాటిలో దాని జిగురు ఎండి ఊడిపోతుంది. అది లేకపోతే టేపు హెడ్డుకు సరిగా ఆనదు, శబ్దం సన్నగా, మొద్దుగా వస్తుంది, మధ్యమధ్యలో మాయమవుతుంది. ఇలాంటప్పుడు ఐదు స్క్రూలున్న ఒక చవక క్యాసెట్‌ను విప్పి, దాని పెంకులోకి మీ టేపు చుట్టలు రెండూ మార్చండి. మీ క్యాసెట్‌కు స్క్రూలు లేకుండా అతికించి ఉంటే అతుకు వెంబడి బ్లేడు దూర్చి నెమ్మదిగా విడదీయాలి. బల్ల మీద తెల్లకాగితం పరిచి చేయండి. లోపలి చిన్న రోలర్లు, జారుడు కాగితాలు ఏ వైపున ఎలా ఉన్నాయో విప్పిన వెంటనే ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

టేపు తెగిందంటే ఎక్కువసార్లు మొదట్లో రంగులేని పట్టీ కలిసే చోటే తెగుతుంది. అతకడానికి అందుకోసమే తయారైన స్ప్లైసింగ్ టేపే వాడాలి. మామూలు సెల్లోటేపు జిగురు ఎండాకాలంలో కరిగి పక్క చుట్టలకు అంటుకుంటుంది, మన ఊళ్ల ఎండకు ఇంకా తొందరగా.

ఏళ్ల తరబడి కదలని టేపును ఒకసారి చివరిదాకా తిప్పి, మళ్లీ మొదటికి తీసుకురండి. బిగుసుకున్న చుట్టలు విడతాయి. మెషిన్ ఇబ్బంది పడుతుంటే ఆపేసి, ఆరు పలకల పెన్సిల్‌ను చక్రంలో పెట్టి చేత్తో తిప్పండి. 90 నిమిషాల క్యాసెట్లలో టేపు పల్చన, వేగంగా తిప్పితే సాగుతుంది.

హెడ్డు వంపు సరిచేయడం

ఎక్కువమంది వదిలేసేదీ, ఎక్కువ ఫలితమిచ్చేదీ ఈ పనే. ఒక మెషిన్‌లో రికార్డు చేసిన క్యాసెట్‌ను ఇంకో మెషిన్‌లో వింటే హెడ్డు నిలువు గీత కొద్దిగా అటో ఇటో ఒరిగి ఉంటుంది. ఆ కొద్ది తేడాకే తాళాల చప్పుడు, మృదంగం మీది కుడిచేతి దెబ్బలు, గొంతులోని స, శ లాంటి ఊదుడు శబ్దాలు మూసుకుపోతాయి. హెడ్డుకు రెండు పక్కలా రెండు స్క్రూలుంటాయి. స్ప్రింగు ఉన్న స్క్రూ వంపును మారుస్తుంది. చాలా మెషిన్లలో దాన్ని చేరడానికి తలుపు దగ్గరే చిన్న రంధ్రం వదులుతారు.

హెడ్‌ఫోన్ పెట్టుకుని, శబ్దాన్ని మోనోలో వింటూ, టేపు తిరుగుతుండగానే ఆ స్క్రూను ఎనిమిదో వంతు చుట్టుకు మించకుండా అటూ ఇటూ తిప్పండి. తాళాలు మిలమిలమన్న చోట ఆపేయండి. మోనోలో వినాలనడానికి కారణం ఉంది. వంపు తప్పితే ఎడమ, కుడి చానళ్లకు మధ్య చిన్న ఆలస్యం వస్తుంది, రెండూ కలిపినప్పుడు పై స్వరాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. కాబట్టి మోనోలో తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. ఒకే టేప్‌రికార్డర్‌లో తీసిన క్యాసెట్లన్నీ ఒక జట్టుగా పెట్టుకుంటే ఈ సవరణ జట్టుకొకసారి చేస్తే సరిపోతుంది.

ఎక్కించడం

శబ్దాన్ని రికార్డు చేసి సరిదిద్దే ఆడాసిటీ ప్రోగ్రాం ఉచితంగా దొరుకుతుంది, తెలుగు ఫైలు పేర్లతోనూ ఇబ్బంది లేదు. అందులో రికార్డింగ్ పరికరంగా యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్‌ను ఎంచుకోండి. చానళ్లు రెండు, శాంపిల్ రేటు 48000 హెర్ట్జ్. విండోస్ ఈ ఇంటర్‌ఫేస్‌లను కొన్నిసార్లు ‘మైక్రోఫోన్’ అనుకుని ఒకే చానల్‌కు కుదిస్తుంది. సౌండ్ సెట్టింగ్స్‌లో దాని ప్రాపర్టీస్ తెరిచి రెండు చానళ్లు అని మార్చి, శబ్దాన్ని ‘మెరుగుపరిచే’ ఎన్‌హాన్స్‌మెంట్లన్నీ ఆపేయండి. ఆపకపోతే ఆలాపన మెల్లగా ఉన్నచోట అది గొంతును మింగేస్తుంది, హరికథకుడు ఊపిరి తీసుకున్నచోట హిస్సును పెంచేస్తుంది.

టేపులో అన్నిటికన్నా గట్టిగా వినబడే చోటు వెతికి, అక్కడ మీటరు మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా మట్టం పెట్టండి. తర్వాత మళ్లీ ముట్టుకోవద్దు. సున్నాను తాకిన శబ్దం తెగిపోతుంది, ఏ సాఫ్ట్‌వేర్‌తోనూ అది పూర్తిగా తిరిగిరాదు. మట్టం కాస్త తక్కువైతే నష్టమేమీ లేదు, తర్వాత పెంచుకోవచ్చు.

రికార్డింగ్‌లో బొయ్యిమనే మోత వస్తుంటే ల్యాప్‌టాప్ చార్జరు తీసి చూడండి. మోత పోతే రెండు ప్లగ్గుల ఎర్తుల మధ్య తేడా వల్ల వచ్చిందది. బ్యాటరీ మీదే నడపండి, లేదా డెక్, చార్జరు రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించండి. బ్యాటరీ మీద నడిపితే కరెంటు పోయినా అప్పటిదాకా వచ్చిన రికార్డింగ్ చెదరదు.

60 నిమిషాల క్యాసెట్ ఒక పక్క 30 నిమిషాలు, 90 నిమిషాలది 45. ఆడాసిటీలో టైమర్ రికార్డింగ్ ఉంది, ఒకట్రెండు నిమిషాలు ఎక్కువ పెట్టుకుంటే దానంతటదే ఆగుతుంది. అయినా మొదటిసారి కూర్చుని వినండి. ఎవరు పాడుతున్నారో, మధ్యలో ఎవరి పేరు పిలిచారో, ఏ ఊరి పేరు వినబడిందో అప్పుడే ఒక కాగితం మీద నిమిషాలతో సహా రాసిపెట్టుకోవచ్చు.

పక్క మొత్తాన్నీ కోయకుండా ఒకే ఫైలుగా, నాణ్యత పోకుండా ఫైలును చిన్నది చేసే ఫ్లాక్ రూపంలో భద్రపరచండి. ఇది మూల ప్రతి. దీని మీద ఏ మార్పూ చేయకూడదు. ఇంటర్‌ఫేస్‌కు 24 బిట్లు ఉంటే 24 పెట్టుకోండి. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ స్టీరియో విడి వేవ్ ఫైలుగా గంటకు సుమారు ఒక జీబీ. ఫ్లాక్ దాన్ని ఒక్క అణువూ పోకుండా ఆరేడు వందల ఎంబీకి తెస్తుంది. అంటే 60 నిమిషాల క్యాసెట్లు వందకు 60–70 జీబీ. 96 కిలోహెర్ట్జ్ పెట్టి దీన్ని రెట్టింపు చేసుకోవాల్సిన పని లేదు. మీడియం వేవ్ రేడియో నుంచి పట్టిన టేపులో అంత పైస్వరాలు అసలు ఉండవు.

వేగం తప్పిన టేపులు

ఇంట్లో తీసిన రికార్డింగులకు ఇదొక ప్రత్యేకమైన జబ్బు. భజన జరిగే చోట ప్లగ్గు అందక సెల్లుల మీద రికార్డు చేసి ఉంటారు. సెల్లులు నీరసించేకొద్దీ టేపు నెమ్మదిగా కదులుతుంది. దాన్ని ఇప్పుడు సరైన వేగంతో ఆడిస్తే పాట పరుగెడుతుంది, గొంతులు సన్నబడతాయి, పక్క చివరికి వచ్చేసరికి మొదటికన్నా ఎక్కువగా.

మైకుసెట్టు మోత టేపులోకి ఎక్కి ఉంటే అదే మీకు కొలబద్ద. మాటలు లేని రెండు మూడు సెకన్లు ఎంచుకుని ఆడాసిటీలో స్పెక్ట్రమ్, అంటే ఏ ఫ్రీక్వెన్సీ ఎంత బలంగా ఉందో చూపే బొమ్మ గీయించండి. మన కరెంటు మోత 50 హెర్ట్జ్ దగ్గరా, దాని రెట్టింపు 100 దగ్గరా శిఖరాలుగా కనబడాలి. 52 దగ్గర కనబడితే టేపు నాలుగు శాతం వేగంగా నడుస్తోందన్నమాట. 50ని 52తో భాగిస్తే 0.9615 వస్తుంది, అంత రెట్లకు వేగం తగ్గించాలి. వేగం, శ్రుతి రెండూ కలిసి మారే ఎఫెక్టునే వాడాలి. ఒకదాన్ని మాత్రమే మార్చేది వాడితే గొంతు సహజంగా రాదు. ఒక హెచ్చరిక: సరిగ్గా 50 దగ్గరే కదలకుండా ఇంకో గీత ఉంటే అది మీ డెక్ నుంచి ఇప్పుడు వస్తున్న మోత, దాన్ని లెక్కలోకి తీసుకోవద్దు. పాత రోజుల్లో కరెంటు ఫ్రీక్వెన్సీ కూడా 50 దగ్గర నిలకడగా ఉండేది కాదు, కాబట్టి ఈ లెక్కను అంచనాగానే చూసి, చివరి నిర్ణయం చెవికి వదలండి. ఆ గాయకుడి గొంతు తెలిసిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్లకు రెండు రకాలుగా వినిపించండి.

హిస్సు తీసేయడంలో నిదానం

ఆడాసిటీ నాయిస్ రిడక్షన్‌లో ముందు ఒట్టి హిస్సు ఉన్న ఒక సెకను చూపించాలి, తర్వాత మొత్తం మీద నడపాలి. తగ్గింపు 6 నుంచి 8 డెసిబెల్స్ దాటకండి. 20 పెడితే హిస్సు పోతుంది కానీ గొంతు నీళ్లలోంచి వస్తున్నట్టు గుళగుళలాడుతుంది.

మన సంగీతానికి ఇంకో ప్రమాదం కూడా ఉంది. తంబురా, శ్రుతిపెట్టె ఎడతెగకుండా ఒకే తీరున మోగుతాయి. హిస్సు కూడా అంతే. శ్రుతి మొదలయ్యాక తీసిన నమూనాను చూపిస్తే సాఫ్ట్‌వేర్ శ్రుతిని కూడా రొద అనుకుని తుడిచేస్తుంది, గాయకుడు గాలిలో ఒంటరిగా మిగులుతాడు. నమూనా ఎప్పుడూ శ్రుతి పెట్టకముందు, టేపు తిరగడం మొదలైన క్షణం నుంచే తీసుకోండి. అలాంటి క్షణం లేకపోతే హిస్సు అలాగే ఉండనివ్వండి. రెండు నిమిషాల్లో చెవి దానికి అలవాటుపడుతుంది.

రేడియో నుంచి పట్టినవాటిలో అనౌన్సర్ మాటలు కోయకండి. పాడినవారి పేరు, పక్కవాద్యాల వాళ్ల పేర్లు, ఒక్కోసారి తేదీ కూడా ఆ మాటల్లోనే ఉంటాయి. ప్రేక్షకుల కేకలు, చదివింపుల పేర్లు చదవడం కూడా అలాగే ఉంచాలి. సినిమా పాటల క్యాసెట్‌నైతే లేబుళ్లు పెట్టి పాటపాటగా విడదీయండి. హరికథను, బుర్రకథను విడదీయకండి. పద్యం, వచనం, పిట్టకథ కలిస్తేనే అది కథ.

సీడీలు

అడుగుభాగం వెండిలా మెరిస్తే కంపెనీ సీడీ. ఆకుపచ్చ, నీలి ఛాయ కనబడితే అంగట్లో రాసిచ్చినది. ఈ రెండో రకంలో పాట రంగుపొరలో ఉంటుంది, ఎండకూ వేడికీ అది పాడవుతుంది. అందుకే అవి ముందు. తుడిచేటప్పుడు మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు నేరుగా తుడవండి. గుండ్రంగా తుడిస్తే పాట దారి వెంబడే గీత పడుతుంది, మెషిన్ దాన్ని సరిచేసుకోలేదు.

కాపీకి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ప్రోగ్రాం వాడండి, సెక్యూర్ పద్ధతిలో. అది ప్రతి పాటనూ ఇతరులు తీసిన కాపీల లెక్కలుండే ఆన్‌లైన్‌లోని యాక్యురేట్‌రిప్ జాబితాతో సరిపోలుస్తుంది. మీ సీడీ ఆ జాబితాలో లేకపోతే ఇంకో దారి ఉంది. ‘టెస్ట్ అండ్ కాపీ’ నడిపితే ఒక్కో పాటను రెండుసార్లు చదివి రెండు సంఖ్యలు చూపిస్తుంది. రెండూ ఒకటే అయితే కాపీ నమ్మవచ్చు. తేడా వస్తే సీడీ తుడిచి, వేగం 4కు తగ్గించి మళ్లీ ప్రయత్నించండి. ఒక సీడీ ఫ్లాక్‌లో 250 నుంచి 400 ఎంబీ తీసుకుంటుంది.

‘150 పాటలు’ అని అట్ట మీద వేసి అమ్మిన ఎంపీ3 సీడీలను ఇలా చదివించనక్కర్లేదు, ఫైళ్లు కాపీ చేస్తే చాలు. అయితే వాటి నాణ్యతను స్పెక్ అనే చిన్న ప్రోగ్రాంలో చూడండి. ఫైలు మీద 320 కేబీపీఎస్ (పాటలో సెకనుకు ఎంత సమాచారం ఉందో చెప్పే లెక్క) అని ఉన్నా, బొమ్మలో 16 కిలోహెర్ట్జ్ దగ్గర కత్తితో కోసినట్టు పైనంతా నల్లగా ఉంటే అది బహుశా 128 ఫైలును ఉబ్బించినదే. 128ని 320గా మార్చినా, ఫ్లాక్‌గా మార్చినా పోయినది రాదు, డిస్కు నిండుతుంది అంతే.

స్ట్రీమింగ్ యాప్‌లో ‘డౌన్‌లోడ్’ నొక్కినవి మీవి కావు. అవి తాళం వేసిన ఫైళ్లు, చందా ఆగితే మూగబోతాయి. కొనేటప్పుడు ఫైలు చేతికిచ్చే చోటే కొనండి. బ్యాండ్‌క్యాంప్ లాంటిచోట ఫ్లాక్‌లోనే ఇస్తారు. చట్టం సంగతి: 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ సొంత వాడకానికి సముచితమైన మేరకు వెసులుబాటు ఇస్తుంది. ఆ కాపీని వాట్సాప్ గుంపులో పెట్టడం సొంత వాడకం కిందకు రాదు. సౌండ్ రికార్డింగ్ మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది, సాహిత్యం మీద హక్కు కవి పోయాక మరో 60 ఏళ్లు. మీ ఊరి భజన బృందం రికార్డింగును బయటపెట్టాలనుకుంటే వాళ్లనో, వాళ్ల పిల్లలనో ముందు అడగండి.

పేర్లు, ట్యాగులు

వెయ్యి పాటలున్నా కావాల్సిన పాట దొరక్కపోతే లేనట్టే. పాట పేరు, పాడినవారు లాంటి వివరాలను ఫైలులోపలే గడుల్లో రాసిపెట్టేవే ట్యాగులు. వాటికి ఎంపీ3ట్యాగ్ అనే ప్రోగ్రాం వాడండి, ఫ్లాక్‌లనూ అదే చూసుకుంటుంది.

సినిమా పాటకు ఆల్బమ్ అంటే సినిమా పేరు. ఇయర్ సినిమా విడుదలైన ఏడాది, ఆ సీడీ అచ్చయిన ఏడాది కాదు. ఆర్టిస్ట్ గాయనీగాయకులు. ఆల్బమ్ ఆర్టిస్ట్ గడిలో మాత్రం అన్ని పాటలకూ ఒకే పేరు, అంటే సంగీత దర్శకుడి పేరు పెట్టండి. దాన్ని ఖాళీగా వదిలితే చాలా ఫోన్లలో ఒకే సినిమా గాయకుల వారీగా ముక్కలై నాలుగైదు ఆల్బములుగా కనబడుతుంది.

అన్నమయ్య కీర్తనల దగ్గర చాలామంది తికమకపడతారు. తాళ్లపాక రాగిరేకుల మీద రాగం పేరు ఉంది కానీ స్వరం లేదు. మనం ఇప్పుడు వింటున్న బాణీల్లో చాలావాటిని తర్వాతివాళ్లు కట్టారు. అనంతపురం జిల్లా నుంచి వచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893–1979) అలా ఎన్నో కీర్తనలకు స్వరం కట్టారు. కాబట్టి లిరిసిస్ట్ గడిలో అన్నమాచార్యులు, కంపోజర్ గడిలో స్వరకర్త, కామెంట్‌లో రాగం, తాళం రాయండి. ఒకే కీర్తన రెండు బాణీల్లో ఉన్నప్పుడు ఏది ఏదో అప్పుడే తెలుస్తుంది. నాటక పద్యానికి టైటిల్‌గా పద్యం ఎత్తుగడ, ఆల్బమ్‌గా నాటకం పేరు, కామెంట్‌లో పాత్ర పేరు పెట్టండి. పాడిందెవరో తెలియకపోతే గడి ఖాళీగా వదలకుండా ‘తెలియదు, ఉరవకొండ’ అన్నట్టు ఊరితో కలిపి రాయండి. రేపు ఎవరైనా గొంతు గుర్తుపడితే ఆ ఊరివన్నీ ఒక్కసారే మార్చవచ్చు.

కడప, కర్నూలు ఇళ్లలో ఉర్సు ఖవ్వాలీల క్యాసెట్లు, హిందూపురం, రాయదుర్గం వైపు కన్నడ పాటలు తెలుగువాటితో కలిసే ఉంటాయి. టైటిళ్లన్నీ ఒకే లిపిలో పెట్టుకోండి, మూల లిపి కావాలంటే కామెంట్‌లో ఉంచండి. ఒకే కీబోర్డుతో అన్నీ వెతకవచ్చు.

గాయకుల పేర్లకు ఒక జాబితా రాసుకుని దానికే కట్టుబడండి. ‘ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం’, ‘ఎస్పీ బాలు’, ‘బాలు’ అంటే ఫోన్‌కు ముగ్గురు వేర్వేరు మనుషులు. తెలుగు టైపింగ్‌లో పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే, కంటికి కనబడని గుర్తు ఒకటుంది. ఒక ఫైలులో అది ఉండి ఇంకోదాంట్లో లేకపోతే చూడటానికి దాదాపు ఒకేలా ఉన్న పేరు రెండుగా విడిపోతుంది. అందుకే ప్రతిసారీ టైపు చేయకుండా జాబితా నుంచే కాపీ చేయండి.

ఫైలు పేరు పొడుగు కూడా చూసుకోవాలి. ఆండ్రాయిడ్, లినక్స్‌లలో ఫైలు పేరుకు సాధారణంగా 255 బైట్లే హద్దు, తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి. అంటే 85 గుర్తులే. గుణింతం, పొల్లు, ఒత్తు ఒక్కోటీ విడిగా లెక్కకొస్తాయి, ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరమే ఆరు గుర్తులు. విండోస్‌లో బాగానే ఉన్న ఫైలు ఫోన్‌కు పోనని మొరాయిస్తే కారణం ఎక్కువగా ఇదే. ఫైలు పేరు పొట్టిగా ఉంచి, వివరమంతా ట్యాగుల్లో రాయండి. ఎంపీ3ట్యాగ్ సెట్టింగ్స్‌లో ఐడీ3 వెర్షన్ 2.3, యూటీఎఫ్-16 అని ఎంచుకోండి. ఐఎస్ఓ-8859-1 ఉంటే తెలుగు అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలవుతాయి.

ఫోన్‌కు, కారుకు

ఫ్లాక్‌లను ఇంట్లో ఉంచి, ఫోన్ కోసం విడిగా ఎంపీ3 నకళ్లు తీయండి. ఫూబార్2000 అనే ప్రోగ్రాం ట్యాగులతో సహా మార్చిపెడుతుంది. 192 కేబీపీఎస్‌లో ఐదు నిమిషాల పాట సుమారు 7 ఎంబీ, వెయ్యి పాటలు 7 జీబీ. పాత పాట మెల్లగా, కొత్త పాట గట్టిగా మోగే తేడా పోవడానికి అందులోనే రీప్లేగెయిన్ స్కాన్ నడపండి. అది శబ్దాన్ని మార్చదు, ట్యాగులో ఒక సంఖ్య రాస్తుంది అంతే. కారు స్టీరియోలు చాలావరకు ఆ సంఖ్యను పట్టించుకోవు కాబట్టి కారు నకళ్లకు, ఫైలులోని శబ్దం మట్టాన్నే సవరించే ఎంపీ3గెయిన్ వాడండి.

కారు పెన్‌డ్రైవ్ 32 జీబీది చాలు, ఫ్యాట్32లో ఫార్మాట్ చేయండి. చాలా స్టీరియోలు తెలుగు అక్షరాలు చూపలేవు, డబ్బాలు కనబడతాయి. ఆ నకళ్లకు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో పేర్లు పెట్టండి. కొన్ని స్టీరియోలు అక్షరక్రమాన్ని పట్టించుకోక, కాపీ చేసిన వరసలోనే పాడతాయి. పేర్ల ముందు 01, 02 అని అంకెలు వేసి, ఖాళీ పెన్‌డ్రైవ్‌లోకి ఫోల్డర్ మొత్తం ఒకేసారి కాపీ చేస్తే వరస తప్పదు.

నకళ్లు దాచడం

మొత్తం మూడు ప్రతులు ఉండాలి. ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బీరువాలోని హార్డ్ డిస్కులో, మూడోది వేరే ఊళ్లో. పిల్లలు బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉంటే రెండో డిస్కు వాళ్ల ఇంట్లో పెట్టండి, పండగకు వచ్చినప్పుడు తెచ్చి కొత్తవి ఎక్కించుకుని వెళ్తారు. పెన్‌డ్రైవ్‌ను భాండారంగా నమ్మొద్దు. కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి వేడిలో ఉన్న ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని డిస్కు) కూడా డేటా మరిచిపోవచ్చు. దాచిపెట్టడానికి తిరిగే హార్డ్ డిస్కే మేలు.

చాలా పోర్టబుల్ డిస్కుల మీద పనిచేసే ఉష్ణోగ్రత 35 డిగ్రీల దాకానే అని రాసి ఉంటుంది. మే నెల మధ్యాహ్నం కర్నూలులో గది లోపలే అంతకు మించుతుంది. వందల జీబీ కాపీ చేసే పని రాత్రిపూట ఫ్యాను కింద పెట్టుకోండి. కూలర్ ముందు వద్దు, తేమ.

కాపీ అయిందని స్క్రీన్ చెప్పినంతమాత్రాన సరిపోదు. ఫ్లాక్ ఫైలులో సాధారణంగా లోపలి శబ్దమంతటినీ లెక్కగట్టి తీసిన ఎండీ5 సంఖ్య ఉంటుంది. ఫూబార్2000లో ఫైళ్ల సమగ్రతను పరీక్షించే ఏర్పాటు దాంతో పోల్చి, చెడిన ఫైలును పేరుతో చూపిస్తుంది. ఏటా ఉగాదికి ఒకసారి రెండు డిస్కుల మీదా ఇది నడపండి. ఒకదాంట్లో చెడినది రెండోదాని నుంచి తెచ్చుకోవచ్చు.

ఎక్కించడం అయ్యాక క్యాసెట్‌ను పారేయకండి. మొదటికి చుట్టి, పెట్టెలో పెట్టి, నిలువుగా, బీరువా కింది అరలో, స్పీకర్లకు దూరంగా ఉంచండి. రేకుల ఇంటి అటక మీద వద్దు. పెట్టె మీద పెన్సిల్‌తో ఒక నంబరు వేయండి. అదే నంబరు ఫోల్డర్ పేరు మొదట్లోనూ ఉండాలి. లోపలి అట్టను రెండువైపులా ఫొటో తీసి అదే ఫోల్డర్‌లో పెట్టండి, దాంతోపాటు ఆ పాట ఎవరిది, ఎక్కడ తీసింది అన్నది ఇంట్లో పెద్దవాళ్లు చెబుతుండగా ఫోన్‌లో తీసుకున్న రెండు నిమిషాల రికార్డింగు కూడా.